కప్ప యాడుంది?

మేము నలుగురం, ఒకే తండా వాళ్లం. ఇద్దరం బడిలో పాఠాలు చెప్తాం, ఒకరం బీఈడీ చదువుతున్నాం, ఇంకొకరం ధర్మవరంలో ఫోటో స్టూడియోలో పని చేస్తాం. మా తండా కదిరి వైపు. 2022లో జిల్లా రెండు ముక్కలయ్యాక మాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ, ఎవరైనా అడిగితే నోట్లోంచి ఇప్పటికీ అనంతపురమే వస్తుంది. బొమ్మలు వేయడం మాకెవరూ పనిగట్టుకుని నేర్పలేదు. చిన్నప్పుడు డ్రాయింగ్ సారు చెప్పింది కొంత, ఫోన్‌లో చూసి పట్టుకున్నది కొంత. మేము నలుగురం కలిసి వాటర్ కలర్‌తో వేసిన ఒక కప్ప బొమ్మ సంగతి ఇది.

రెండేళ్ల కింద అక్టోబరులో దాదీని తీసుకుని సేవాగఢ్ పోయాం. సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటు, గుత్తి దగ్గర. ఫిబ్రవరిలో జయంతికి పోతే జనంలో దాదీ నిలబడలేదని అక్టోబరులో పోయాం. దాదీకి డెబ్బై దాటాయి. ఫేటియా, కాంచళి వేసుకునే ఆడవాళ్లు మా తండాలో ఇప్పుడు నలుగురో అయిదుగురో. దాదీ వాళ్లలో ఒకరు. ఆ రాత్రి గుత్తిలో వాన కొట్టింది. మా వైపు వాన పడిందంటే పక్క తండాకు ఫోన్ చేసి చెప్పుకునే సంగతి. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య మేఘాలు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి తేలిపోతాయి, ఏడాదంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే లెక్క ఆగిపోతుంది. పొద్దున ఏడింటికి కోట కొండ కింద కంకర దారిలో నడుస్తూ దాదీని నిలబెట్టి వరసగా మూడు ఫోటోలు తీశాం. వెనక గుత్తి కోట, ముందు దాదీ. మాకు కావలసింది అంతే.

నెల తర్వాత ఆ ఫోటోను ఫ్రేము కట్టిద్దామని స్టూడియోలో కంప్యూటర్ మీద పెట్టి పెద్దది చేశాం. కింద మట్టి ఎక్కువుందని, కాళ్ల దగ్గర కత్తిరిద్దామని గీతను పైకి జరుపుతుంటే మట్టిలో ఒక కన్ను కనబడింది. నల్లటి బొట్టు, చుట్టూ సన్నటి బంగారు రంగు. కన్ను దొరికాక మూతి దొరికింది, మూతి దొరికాక వీపు దొరికింది. దాదీ కడియం కాలికి జానెడు దూరంలో, ఎర్ర మన్నులో సగం కూరుకుని, కంకరలో కంకరలా ఒక కప్ప. ఫోటో తీసినవాళ్లం మేమే, ఆ చోట నిలబడినవాళ్లం మేమే, ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నవాళ్లం కూడా మేమే. ఒక్కరం కూడా చూడలేదు.

అప్పుడు ఆ ఫోటోను బడికి తీసుకుపోయాం. ముందు ఫోటో చూపించకుండా, మూడో తరగతి పిల్లలను కప్ప బొమ్మ వేయమన్నాం. పద్దెనిమిది మందీ పచ్చ కప్పను వేశారు. దాని కింద తామరాకు. మా తండా చుట్టుపక్కల తామరలున్న కొలను ఒక్కటీ లేదు. ఉన్నది ఒక కుంట, అదీ మూడేళ్లకోసారి నిండితే నిండినట్టు. ఆ పిల్లలకు కప్పలు తెలియవా అంటే బాగా తెలుసు. వాన మొహం చాటేసిన ఏడు, రోకలికి తడిగుడ్డలో కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆటను కింది ఊరి పిల్లలతో కలిసి ఆడినవాళ్లే. ఆ రోకలి మీద వాళ్లు మోసింది మట్టిరంగు కప్పను. కాగితం ముందు కూర్చునేసరికి పుస్తకంలోని కప్ప వచ్చేసింది. ఫోటో చూపిస్తే ఒక పిల్లోడు, "అది కప్ప కాదు సార్, మన్ను" అన్నాడు.

అదే పిల్లలను ఇంకో రోజు ఇల్లు వేయమంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కొబ్బరిచెట్టు, పెంకుటిల్లు. అమ్మను వేయమంటే చీర కట్టుకున్న అమ్మ. వాళ్లను ఏమంటాం? మేమూ ఆ బడిలో అవే వేసి పదికి పది తెచ్చుకున్నవాళ్లం.

ఆ కప్ప బొమ్మ వేయాలని అప్పుడే అనుకున్నాం. అదే నెలలో ఒక పోటీ కూడా వచ్చింది, 'మన పరిసరాల్లోని జీవులు' అని. గెలిస్తే బడికి రంగులు, కాగితాలు కొనుక్కోవచ్చు. సరేనని కూర్చున్నాం.

మొదటి బొమ్మ చెడిపోయింది. మామూలు డ్రాయింగ్ షీటు మీద నీళ్లు పడగానే అప్పడంలా లేచింది. అది ఒక తప్పు. పెద్ద తప్పు వేరే ఉంది. కప్పను ముందు పెన్సిల్‌తో గీసి, దాని చుట్టూ నల్ల గీత పెట్టి, లోపల రంగు నింపాం. మట్టి మీద స్టాంపు అంటించినట్టు ఉంది. నల్ల గీత మాకు చేతికి అలవాటు. ధర్మవరం పక్కనే నిమ్మలకుంట, తోలుబొమ్మల ఊరు. ఆ బొమ్మలు చూస్తూ పెరిగాం. తోలుబొమ్మకు నల్ల గీత కావాలి. తెర వెనక దీపం, తెర ముందు దూరంగా జనం, రాముడెవరో రావణుడెవరో చివరి వరసలో కూర్చున్న ముసలాయనకూ తెలియాలి. మా కప్ప పని దానికి తలకిందులు. ఎవరికీ తెలియకుండా ఉండడమే దాని బతుకు.

రెండో బొమ్మకు మందం కాగితం తెచ్చి, నాలుగు వైపులా టేపు వేసి చెక్కకు బిగించాం. ఈసారి గీత లేకుండా, మట్టికీ కప్పకూ ఒకే రంగు కలిపి వేశాం. ఆరిన తర్వాత చూస్తే కప్ప లేదు. మేము వేసిన కప్ప మాకే కనబడలేదు. అందరం నవ్వుకున్నాం గానీ లోపల భయం పట్టుకుంది. చూపిస్తే అబద్ధం, చూపించకపోతే ఉత్త మన్ను.

ఆ తర్వాత వారం రోజులు కుంచె ముట్టుకోలేదు, ఫోటోనే చూశాం. ఫోన్‌లో చూస్తే మట్టి మెరుస్తుంది, వెనక వెలుగు ఉంటుంది కదా, రంగు మోసం చేస్తుంది. అందుకే ప్రింటు తీసి, ఎండలో పెట్టి చూశాం. ఆ కప్ప ఎట్లా దాక్కుందో ఒక్కొక్కటిగా తెలిసొచ్చింది. వీపు మధ్యలో మూతి నుంచి కిందికి లేత రంగు గీత ఒకటి ఉంది. ఆ గీత కప్పను నిలువునా రెండు ముక్కలు చేస్తుంది. కన్ను రెండు చిన్న రాళ్లను చూస్తుంది, ఒక కప్పను చూడదు. కాలు మడిచి కూర్చున్నప్పుడు తొడ మీది పట్టీ, పిక్క మీది పట్టీ, పాదం మీది పట్టీ ఒకదాని పక్కన ఒకటి చేరి ఒకే పట్టీ అయిపోతాయి. కాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. హ్యూ కాట్ అనే ఇంగ్లండు జంతుశాస్త్రవేత్త 1940లో అచ్చయిన తన పుస్తకంలో కప్పల కాళ్ల మీది ఈ పట్టీల సంగతి వివరంగా రాశాడు. ఆయనా బొమ్మలు గీసే మనిషే. అంతకు ముందే 1896లో అబట్ థేయర్ అనే అమెరికా చిత్రకారుడు ఇంకో కిటుకు కనిపెట్టి రాశాడు: చాలా జంతువులకు వీపు ముదురు, పొట్ట లేత. పైనుంచి ఎండ పడితే వీపు తేలికవుతుంది, పొట్ట నీడలో ముదురవుతుంది, రెండూ సమానమైపోయి గుండ్రటి ఒళ్లు చదునుగా కనబడుతుంది.

ఇది చదివి మేము తల పట్టుకున్నాం. డ్రాయింగ్ సారు మాకు నేర్పిన మొదటి పాఠం, బంతికి వెలుగు పైన వేయాలి, నీడ కింద వేయాలి, అప్పుడే అది గుండ్రంగా లేస్తుంది అని. ఈ కప్ప ఆ పాఠాన్ని ఒంటి మీదే తుడిచేసుకుంది.

ఇంకో మాట. ఆకుపచ్చ కప్పల మీద మాకు కోపమేమీ లేదు. తెలుసుకుంటే వాటి కథ కూడా వాటర్ కలర్ కథే. చాలా పచ్చ కప్పల చర్మంలో పచ్చరంగే ఉండదట. పైన పసుపు పొర, దాని కింద నీలి వెలుగును తిప్పికొట్టే పొర, అడుగున నలుపు. పసుపు లోంచి నీలం కనబడి మనకు పచ్చ అవుతుంది. నీలం ఆరాక దాని మీద పలచగా పసుపు వేసి పచ్చ తెప్పించడం మేము బడిలో నేర్పేదే.

మా కప్ప ఏ కప్ప అని డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సారును అడిగాం. బొద్దు ఒళ్లు, పొట్టి కాళ్లు చూసి, మట్టిలో బొరియ చేసుకునే స్ఫీరోథీకా జాతి అయ్యుంటుంది, ఫోటో చూసి అంతకు మించి చెప్పకూడదు అన్నారు. ఆ మాట మాకు నచ్చింది. వెనక పాదం అంచున పార లాంటి గట్టి బుడిపె ఉంటుందట, దాంతో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ, మొహం ఆకాశం వైపే పెట్టుకుని భూమిలోకి దిగిపోతుందట. ఎండాకాలమంతా లోపలే. చుట్టూ ఉన్న మట్టి తేమను చర్మంతోనే తాగుతుంది. వాన చప్పుడు వినిపించిన రాత్రి పైకి వస్తుంది. ఇదే జాతిలో ఒక కప్పను బెంగళూరు పొలిమేరల్లో గుర్తించి, 2020లో దానికి స్ఫీరోథీకా బెంగళూరు అని పేరు పెట్టారని కూడా చెప్పారు. మా తండా నుంచి సగం మంది కూలికి పోయేది ఆ పొలిమేరలకే. ఎన్ని పునాదులు తవ్వారో. ఆ కప్ప ఎవరి గడ్డపార కింద పడిందో, ఎవరికి కనబడకుండా పోయిందో.

మూడో బొమ్మకు రంగుల పెట్టెలో ఉన్న ఎరుపు, గోధుమ రంగులు పనికిరాలేదు. బర్న్ట్ సియెన్నా మా మట్టికి దగ్గరగా వస్తుంది గానీ మరీ శుభ్రంగా ఉంటుంది. అందుకని మట్టినే తెచ్చాం. చెనిక్కాయ చేలో ఎర్ర మన్ను, గడప అలికే జాజు, కొంచెం సుద్ద. మన్నును పాత చీర గుడ్డలో జల్లించి, నీళ్లలో కలిపి, గరుకు అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన ఎర్ర నీళ్లను ఇంకో గిన్నెలోకి వంచి, దాన్ని ఆరబెట్టాం. అట్లా మూడుసార్లు. తుమ్మ బంక రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డలో వడగట్టి, ఆ మన్నుతో కలిపి రాతి మీద నూరాం. ఆరితే బీటలు కొడుతుందని రెండు చుక్కలు తేనె. ఇది చూసి తండాలో ఒక మామ, "గోడకు పూసే మన్ను కాగితానికి పూస్తున్నారు, బీఈడీలో ఇదేనా చెప్పేది?" అన్నాడు. అడుగున మిగిలిన గరుకును పారేయలేదు. కాగితం తడిగా ఉన్నప్పుడు చిటికెడు చల్లితే అదే కంకర అయింది.

ఈసారి కప్పను వేయలేదు, ముందు నేలను వేశాం. కాగితమంతా తడిపి, మట్టికీ కప్పకూ ఒకటే పూత. తడి ఆరకముందే వీపు గీత ఉన్నచోట ఉత్త తడి కుంచెతో రంగును పైకి తీసేశాం. వాటర్ కలర్‌లో తెలుపు అంటే కాగితమే. ఒకసారి పోగొట్టుకుంటే మళ్లీ తిరిగిరాదు, కాబట్టి కంటిలో మెరుపు కోసం ఆవగింజంత చోటు మొదటి నుంచీ కాపాడుకుంటూ వచ్చాం. దాదీ వచ్చి చూసింది. తన కాంచళికి అద్దాలు, పూసలు తానే కుట్టుకునే మనిషి. "పూస పక్కన పూస రంగు దారమే కుడితే పూస కనబడదు. దారం ఒక్క పోగు ముదురు చేయండి, పూస అదే బయటికొస్తుంది" అంది. మేము కప్పకు రంగు పెంచాలా తగ్గించాలా అని కొట్టుకుంటుంటే దాదీ దాని పక్కనున్న మట్టిని చూడమంది. దవడ కింద మట్టిని ఒక్క పూత ముదురు చేశాం. కప్ప ఊపిరి తీసినట్టు కొంచెం లేచింది. అంతే, కుంచె కింద పెట్టేశాం.

అప్పుడు మా మధ్య గొడవ వచ్చింది. బొమ్మలో ఎంత మేర ఉండాలని. ఫోటోలో కప్ప ఉన్నది దాదీ కాలి పక్కన. కప్ప ఒక్కదాన్నే వేస్తే పోటీకి సరిపోతుంది. దాదీ పాదం, కడియం, ఫేటియా అంచు వేస్తే, చూసేవాళ్ల కన్ను ముందు అద్దాల మీదికి పోతుంది, కప్ప ఇంకా దాక్కుంటుంది. ఇద్దరం తీసేద్దామన్నాం, ఇద్దరం ఉంచుదామన్నాం. వాదన బొమ్మ నుంచి మెల్లగా ఇంకో చోటికి పోయింది.

మేము నలుగురమూ హాస్టళ్లలో చదివినవాళ్లం. మా భాషలో అమ్మను యాడి అంటాం. హాస్టల్లో ఆ మాట నోరు జారితే, "యాడికి? గుత్తి దాటి యాడికికా?" అని పిల్లలు ఏడిపించేవాళ్లు. తాడిపత్రి దగ్గర యాడికి అని ఊరు ఉంది కదా, దాని మీద. నవ్వుకునే మాటే, ఇప్పుడు మేమూ నవ్వుతాం. అప్పుడు మాత్రం ఆ మాట మానేశాం. నెల తిరిగేసరికి నిద్రలో కూడా అమ్మా అనేవాళ్లం. ఒక ఆదివారం యాడి జొన్న రొట్టెలు మూట కట్టుకుని, ఫేటియా వేసుకుని, హాస్టల్ గేటు దగ్గర నిలబడింది. ఎవరని పిల్లలు అడిగితే, "మా ఊరామె, మా వాళ్లు పంపించారు" అన్నాం. ఎవరం అన్నామో ఇక్కడ రాయడం లేదు. నలుగురిలో ఒకరం అన్నాం, మిగతా ముగ్గురం అనకపోవడానికి కారణం మా యాడీలు చీర కట్టుకుని రావడమే. యాడి ఆ మాట విన్నది. ఏమీ అనలేదు. మరుసటి నెల చీర కట్టుకుని వచ్చింది. ఆ తర్వాత ఫేటియా మళ్లీ వేసుకోలేదు.

సంచారం చేసే జాతులను పుట్టుకతోనే దొంగలని రాసిన చట్టం 1871లో వచ్చి 1952 దాకా ఉంది. దాక్కోవడం మన పెద్దవాళ్లకు కొత్త కాదు, కొన్నిసార్లు అందువల్లే బతికారు. కప్పను ఎవరూ తప్పు పట్టరు. కానీ కప్ప దాక్కునేది గద్ద నుంచి, పాము నుంచి. ఆ ఆదివారం గేటు దగ్గర గద్ద ఎవరు, పాము ఎవరు? పన్నెండేళ్ల పిల్లలు, మాలాంటి పిల్లలు.

ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడుకోలేదు. పొద్దున బొమ్మలో పాదం వేశాం. పగిలిన మడమ, వెండి కడియం, ఫేటియా అంచున మూడు అద్దాలు. అద్దాలకు రంగే వేయలేదు, కాగితాన్ని అట్లాగే వదిలేశాం.

పోటీలో బొమ్మలను గోడకు వరసగా పెట్టారు. చూసే పెద్దమనిషి మా బొమ్మ ముందు ఆగి, కింద రాసిన పేరు చదివి, "కప్ప ఎక్కడమ్మా?" అన్నారు. "ఉంది సార్, చూడండి" అన్నాం. ముందురోజు సాయంత్రం మాలో ఒకరం, కన్ను చుట్టూ సన్నటి నల్ల గీత ఒక్కటి పెడదాం, ఎవరికి తెలుస్తుంది అని ఎంత బతిమాలామో ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని కొంచెంసేపు చూశారు. మర్యాదగానే, "పాదం బాగా వేశారు" అని పక్క బొమ్మకు పోయారు. మొదటి బహుమతి నెమలికి. నెమలి నిజంగా బాగుంది, అబద్ధమెందుకు. సాయంత్రం బొమ్మలు దించుతుంటే, హాలు ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపి నిలబడింది. "ఈడ్నే ఉంది కదా, కండ్లు మిటకరిస్తా. చెనిక్కాయలు పీకేటప్పుడు ఎన్ని చూడలే" అంది. వేలు కూడా పెట్టలేదు, గడ్డంతో చూపించింది.

బొమ్మ ఇప్పుడు మా బడిలో ఉంది, నల్లబల్ల పక్కన. కొత్తగా చేరిన పిల్లలకు అందులో కప్ప ఉందని చెప్తాం, ఎక్కడుందో చెప్పం. ఒకడికి రెండు రోజులు పట్టింది. ఒక పాప మొదటి రోజే కనుక్కుని ఎవరికీ చెప్పకుండా వారం దాచుకుంది. పోయిన జూన్‌లో మూడో తరగతి వాళ్లతో మళ్లీ కప్ప వేయించాం. పద్నాలుగు పచ్చ, నాలుగు మట్టిరంగు. మట్టిరంగు వాటిలో ఒకదాని కింద తామరాకు అట్లాగే ఉంది.

పోటీ నుంచి బొమ్మ తిరిగొచ్చిన రోజు దాదీకి చూపించాం. చాలాసేపు చూసింది. ముందు, "నా కాలు ఇంత నల్లగా ఉందా?" అంది. తర్వాత కప్పను చూసి, కాలినీ కప్పనూ మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "నేను దాన్ని తొక్కలేదు కదా?"

ఫోన్ తీసి మూడో ఫోటో పెద్దది చేశాం. దాదీ పాదం పక్కకు జరిగి ఉంది. కప్ప అక్కడే ఉంది.